‘ఇల్లై’ అంటే ఇల్లు కాదు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో తెలుగు పంతులమ్మకేం పని అని నన్ను అడగని వాళ్ళు లేరు. కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు వాళ్ళు అడిగారు, మా ఆడపడుచులు అడిగారు, చేరిన కొత్తలో మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను కూడా అడిగాడు. ఇప్పుడు రిటైరై తీరిగ్గా ఉన్నాను కాబట్టి చెబుతాను. ఫోన్లలో, బ్యాంకు మిషన్లలో, టికెట్లు కొనే తెరల మీద మీకు తెలుగు మాటలు కనిపిస్తాయే, వాటిని ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. ఆ ఎవరో ఒకరిని నేను. జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి పద్యాలు చెప్పి, ఆ కాలేజీ కాస్తా మూతబడ్డాక, మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో కూర్చుని ‘సబ్మిట్’ అనే మీట మీద ఏం రాయాలా అని ఒక వానాకాలమంతా పోట్లాడాను. నేను ‘సమర్పించు’ అని రాస్తే, “అదేమైనా నైవేద్యమా మేడమ్?” అన్నాడో కుర్రాడు. అతనన్నదాంట్లో న్యాయం ఉంది కాబట్టే నాకు అంత కోపం వచ్చింది.

అయితే ఆ ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండిపోయింది మీటలూ తెరలూ కాదు. ఒక పాత నాటకం. మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఆఫీసులో ‘కల్చరల్స్’ బాధ్యత అంటగడితే పనికొస్తుందని రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను. అందరూ ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. మనుషుల పేర్లే లేనప్పుడు నాటకం పేరు మాత్రం ఎందుకు?

మా సైట్ హెడ్డు, అంటే ఆ ఆఫీసు మొత్తానికి పెద్దాయన, ఒకరోజు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది అనంతపురం వైపు అని ఎవరో చెబితే తప్ప తెలియదు. ఏ ఊరి వాసనా తగలకుండా, ఇస్త్రీ చేసినట్టు మాట్లాడేవారు.

“వార్షికోత్సవంలో సినిమా డ్యాన్సులు చూసి చూసి విసుగొచ్చింది మేడమ్ గారూ. మీ తెలుగు టీమ్ నుంచి ఏదైనా పాతది కావాలి. మన సంస్కృతిలా ఉండాలి, కాస్త నవ్వూ రావాలి. ఇళ్ళవాళ్ళు కూడా వస్తారు.”

కాలేజీ వదిలాక ఎవరూ నన్ను అలాంటిది అడగలేదు. తంజావూరు నాయకరాజుల కాలపు యక్షగానం ఒకటి ఉందని, మూడు వందల యాభై ఏళ్ళ కిందటిదని, చాలా సరదాగా ఉంటుందని ఊపిరాడకుండా చెప్పేశాను. ఆయన ‘సరదాగా’ అన్న మాట దగ్గర తలూపారు.

కథ చిన్నదే. కోటలో పెద్ద విందు. మజ్జిగ అమ్మే ఆవిడ కుండ నెత్తిన పెట్టుకుని కోట గుమ్మం దగ్గరికి వస్తుంది. అక్కడ కటికవాడు ఆపుతాడు. కటికవాడంటే బెత్తం పట్టుకుని, బహుపరాక్ అంటూ రాజుగారి రాకను చాటేవాడు. మా వాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. పాత్రల పేర్లు చదవగానే, “కోటలో మటన్ కొట్టాయనకేం పని మేడమ్?” అని అడిగారు. ఇద్దరికీ మాటామాటా పెరుగుతుంది. గొడవ లోపలికి వినిపించి రాజు పిలిపిస్తాడు. ఏం కావాలో కోరుకోమంటాడు. ఆవిడ కోరుకుంటుంది. మంగళం పాడతారు. అంతే.

మొదటిరోజు రిహార్సల్ మీటింగ్ గదిలో జరిగింది. కటికవాడి వేషానికి జీతాల విభాగంలో పనిచేసే అమలాపురం ఆయన ముందుకొచ్చాడు. మంచి గొంతు. మాట చివర ‘అండి’, దాని చివర ‘ఆయ్’ లేకుండా ఏ వాక్యమూ పూర్తిచేయడు. మజ్జిగావిడ వేషానికి టెస్టింగ్ విభాగంలో పనిచేసే బోరబండ అమ్మాయి. రాజు వేషం ఎవరికివ్వాలా అని నేను ఆలోచిస్తుంటే సైట్ హెడ్డు గారే తలుపు దగ్గర నిలబడి, “నేనూ ఒక చిన్న వేషం వేస్తే ఎలా ఉంటుంది?” అన్నారు. ఆయనకు కుండ మోసే వేషం ఇవ్వలేం కదా!

“తంజావూరు తమిళులది గద మేడమ్, ఆడ తెలుగు నాటకం ఏంది?” అని బోరబండ అమ్మాయి అడిగింది. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. విజయనగరం వాళ్ళ దండులతో తెలుగు సేనానులు దక్షిణానికి వెళ్ళారని, మొదట ఉద్యోగులుగా ఉండి తరువాత వాళ్ళే రాజులయ్యారని, కోటలో తెలుగు నడిచేదని, కోట దాటితే ఊరంతా తమిళమేనని చెప్పాను.

“అంటే మనలాగేనన్నమాటండి. ఉద్యోగానికొచ్చి ఉండిపోయారు, ఆయ్,” అన్నాడు అమలాపురం ఆయన.

“మీ లెక్క అను అన్నా,” అంది ఆ అమ్మాయి నవ్వుతూ. “మేం ఈడనే పుట్టినం.”

అందరం నవ్వాం. ఆ నవ్వు బాగానే ఉంది. తరువాతిదే బాగాలేదు.

నాటకం మొదట్లో రాజును పొగిడే పాటలు బోలెడున్నాయి. ఇప్పటి పిల్లలకు ఇవి ఎక్కవని, కొన్ని తీసేద్దామని నేనన్నాను. ఆ రోజుల్లో కవికి అన్నం పెట్టేది రాజే కాబట్టి పొగడ్త లేకుండా తెర లేచేది కాదని కూడా చెప్పాను. సైట్ హెడ్డు గారు గంభీరంగా, “చరిత్రను మనం మార్చకూడదు మేడమ్ గారూ,” అన్నారు. ఒక్క పాటా పోలేదు.

చరిత్రను మార్చకూడదన్న ఆయనే మర్నాడు ఇంకో మాట చెప్పారు. అసలు నాటకంలో మజ్జిగావిడ సగం తమిళం, సగం తెలుగు మాట్లాడుతుంది. “తమిళం ఎవరికి అర్థమవుతుంది? అక్కడ స్థానిక భాష తమిళం, ఇక్కడ స్థానిక భాష తెలంగాణ యాస. ఆ యాసలో పెట్టేయండి. బ్రహ్మాండంగా నవ్వొస్తుంది.” నా దగ్గరున్న అచ్చు పుస్తకంలోనూ ఆ చోట సంపాదకుడు అడుగున ఒక ముక్క రాసి ఉంచాడు, ఇది హాస్యం కోసం పెట్టిన భాగమని. సరే, హాస్యమే కదా అని మార్చి తెచ్చాం.

చదవడం మొదలైంది. ఆ అమ్మాయి “జర జరుగుండ్రి” అనగానే గదంతా గొల్లుమంది. “ఏంది, ఇనబడ్తలేదా?” అంటే మళ్ళీ గొల్లు. అందులో నవ్వాల్సిందేమీ లేదు. “కుండ బరువున్నది” అన్నదానికి కూడా నవ్వారు. బరువైన కుండ మోస్తున్నానని చెబితే నవ్వేమిటి? ఆ అమ్మాయి గొంతు వాక్యం వాక్యానికీ చిన్నదవుతూ వచ్చింది.

మర్నాడు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని కాగితాలు బల్ల మీద పెట్టింది.

“నాకొద్దు మేడమ్. ఇంకెవరికన్న ఇయ్యండ్రి.”

“ఎందుకమ్మా? నువ్వే బాగా చేస్తున్నావు.”

“నేనేం చేస్తలేను మేడమ్. ఊకె మాట్లాడుతున్న. దానికే నవ్వుతున్రు.” కాసేపు టీ గ్లాసు తిప్పింది. “ఆ దినం మా అమ్మ వస్తది. ఇంట్ల ఎట్ల మాట్లాడుతదో, నేను స్టేజి మీద అట్లనే మాట్లాడుతా. అందరు నవ్వుతరు. మా అమ్మ పక్కకు జూసి, ‘ఎందుకు నవ్వుతున్రు బిడ్డా?’ అని ఎవరినన్న అడిగితే, ఆళ్ళేం జెప్పాలె?”

ఆ కాగితాలు తీసుకుని లేచాను. సైట్ హెడ్డు గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. “పోనీ, మా సపోర్టు టీమ్‌లో యాసలన్నీ మిమిక్రీ చేసే కుర్రాడున్నాడు. చీర కట్టిద్దాం,” అన్నారు. ఆ కబురు నాకంటే ముందే టెస్టింగ్ విభాగానికి చేరింది. ఆ అమ్మాయి లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుంది.

“నేను చెయ్యకుంటే ఇంకొకడొచ్చి మా మాటను చేసి చూపిస్తడా? ఆ పాత కాలంల అసలు ఎవరిని జూసి నవ్విన్రు మేడమ్? నిజంగ ఆ సల్లమ్మేటామెను జూసే నవ్విన్రంటే చెప్పుండ్రి, నాటకమే వద్దని నేను పోయి హెడ్డుకు చెప్త.”

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పానా, ఏ విద్యార్థీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఈ నాటకంలో హాస్యరసం పోషింపబడింది అని రాసి మార్కులు తెచ్చుకున్నారు. నేను వేశాను కూడా.

ఆదివారం అసలు నాటకం కాగితాలు పట్టుకుని ఇద్దరం గోపన్‌పల్లి వెళ్ళాం. మా మాస్టారు అక్కడ, యూనివర్సిటీ పక్కన కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో ఉంటారు. నాకు యక్షగానాలు చెప్పింది ఆయనే. చెవి సరిగా వినిపించదు, కళ్ళు మాత్రం చురుకు. ప్రశ్నను రెండుసార్లు చెప్పించుకున్నారు.

“ఎవరు నవ్వారో నాకేం తెలుసమ్మా, నేనేమైనా అక్కడున్నానా?” అన్నారు. “నాకు తెలిసింది చెబుతా. ఆ కొలువుల్లో ఆడవాళ్ళు పాడేవారు, ఆడేవారు, రాసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో చాలామంది అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే. బయట తమిళం, కొలువులో తెలుగు, రెండూ వచ్చు. మరి ఆ మజ్జిగావిడ వేషం ఎవరు కట్టి ఉంటారు?”

“అక్కడామెనే కట్టి ఉంటది,” అంది అమ్మాయి.

“అనే నా ఊహ. తన ఇంటి భాషలో తనే వేషం కట్టి, రాజుగారి ముందు నిలబడింది. ఇక ఆవిడేం చేసిందో ఆ కాగితంలో చూడు. పైకి చదువు. గట్టిగా, నాకు వినపడాలి.”

నేను కటికవాడి మాటలు చదివాను. మాస్టారు అర్థాలు అందిస్తుంటే ఆ అమ్మాయి తమిళం కూడబలుక్కుంటూ మజ్జిగావిడవి చదివింది. ఏం తెచ్చావని కటికవాడు అడుగుతాడు. ‘మోరు’ అంటుంది. తమిళంలో మజ్జిగ. మోరా, ఎవరి మోర, నా మోరా అని వాడు ముక్కు తడుముకుంటాడు. లోపలికి వెళ్ళడానికి అనుమతి ఉందా అంటాడు. ‘ఇల్లై’ అంటుంది, అంటే లేదని. ఇల్లా, ఇది నీ ఇల్లా, రాజుగారి కోటను పట్టుకుని ఇల్లంటావా అని వాడు బెత్తం ఎత్తుతాడు. ఇల్లై, ఇల్లై అని ఆవిడ మొత్తుకుంటుంది. మళ్ళీ ఇల్లేనంటావా అని వాడు గుమ్మానికి అడ్డం పడుకుంటాడు.

అమ్మాయి చదువుతూ చదువుతూ ఆగిపోయింది. తరువాత పకపకా నవ్వింది. కాగితం కిందపడేంతగా నవ్వింది.

“మేడమ్, ఈమె ఏం తప్పు మాట్లాడలే. సక్కగనే చెప్తున్నది. ఆయనకే సమజైతలేదు. ఊరంత ఒక మాట మాట్లాడుతుంటే, గేటు కాడున్నోనికి ఆ మాట రాదు!”

మాస్టారికి ఎంత వినిపించిందో గాని బాగా సంతోషించారు. “చివర్లో ఏం కోరుకుందో చూశావా? బంగారం అడగలేదు, భూమి అడగలేదు. మీ కటికవాడికి నా మాట నేర్పించండి మహారాజా అంది. రాజు ముందు నిలబడి అంత మాట అనాలంటే నవ్విస్తూనే అనాలి. పొగడ్త పాటలన్నీ ఎందుకున్నాయనుకున్నావు? ముందు కడుపు నింపి, తరువాత చురక పెట్టారు.”

ఇంత కాలం ఆ చివరి కోరికను నేను చదివాను గాని, పట్టించుకోలేదు. మంగళం పాట ఎక్కడుందా అని వెతికేదాన్ని.

తిరుగుదారిలో బస్సులో కూర్చునే ఇద్దరం మాటలు మార్చాం. యాస మీద నవ్వొచ్చేవన్నీ కొట్టేసి, మాట అర్థం కాక నవ్వొచ్చేవి వెతికాం. వాటికోసం పెద్దగా శ్రమపడాల్సిన పనిలేదు. మా ఆఫీసులో రోజూ దొరికేవే.

ఇక చిక్కు అమలాపురం ఆయనతో వచ్చింది. కొత్త కాగితాలు చదివి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

“అంటే ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారన్నమాటండి.”

ఒక తప్పును అటునుంచి ఇటు జరిపామా అనిపించింది. ఆ అమ్మాయే అతని పక్కన కూర్చుంది.

“నీ యాసను జూసి కాదన్నా. నువ్వు ‘అండి’ అన్నందుకు ఎవరన్న నవ్విన్రంటే నేనే ఆపుతా. ఎదుటి మనిషి చెప్పేది ఇనకుండ కట్టె ఎత్తుతడు సూడు, దానికి నవ్వాలె. గది ఎవరన్న చేస్తరు. నేను గూడ చేస్త, ఫోన్ల తమిళపాయన మాట్లాడితే.”

అతను కాగితాలు మళ్ళీ తిరగేసి, “అయితే గుమ్మానికి అడ్డంగా పడుకునేది కూడా ఉంచండి మరి. అది నేను బాగా చేస్తానండి, ఆయ్,” అన్నాడు. ఆ క్షణంలో అతన్ని దండ వేసి ఊరేగించాలనిపించింది.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో పెద్దవాళ్ళు, వాళ్ళ వెనక ఉద్యోగుల కుటుంబాలు, చివర గోడ వారగా క్యాంటీన్ వాళ్ళు, హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు నిలబడి ఉన్నారు. నేను తెర పక్కన కాగితాలు పట్టుకుని, ఎవరైనా మాట మరిచిపోతే అందించడానికి నిలుచున్నాను. పొగడ్త పాటలు నడుస్తున్నంతసేపూ ముందు వరుస వాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. సైట్ హెడ్డు గారు పట్టు శాలువాలో, చెవుల మీదికి జారే కిరీటంతో కూర్చుని ఆనందంగా విన్నారు.

అమ్మాయి కుండతో వచ్చింది. భయపడలేదు. దారిని ‘తొవ్వ’ అంటూ, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

“తొవ్వ ఇడువు. లోపలికి పోవాలె.”

“తవ్వాలా?” కటికవాడు బెత్తంతో నేల పొడిచి చూశాడు. “కోట గుమ్మం దగ్గర తవ్వకాలాండి? ఏమున్నాయండి ఇక్కడ, లంకెబిందెలా?”

“తొవ్వ! తొవ్వ! జర జరుగు!”

“జ్వరమా? అయ్యో, తమకి జ్వరమాండి? జ్వరంతో విందుకొస్తారాండి, ఆయ్!” అని నాలుగడుగులు వెనక్కి దూకి ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు.

మొదటి నవ్వు గోడ వార నుంచి వచ్చింది. సెక్యూరిటీ వాళ్ళయితే ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నారు. గేటు కష్టాలు వాళ్ళకు తెలిసినన్ని ఎవరికి తెలుసు? తరువాత మధ్య వరుసలు అందుకున్నాయి. అందులో ఒక ముదురు ఆకుపచ్చ చీరావిడ పక్కావిడ భుజం చరుస్తూ, “తొవ్వ తెల్వదట! తొవ్వ తెల్వదట వానికి!” అని కళ్ళు తుడుచుకుంటోంది. వేదిక మీద ఆ అమ్మాయి ఒక్క క్షణం అటు చూసింది. ఆవిడెవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కటికవాడు గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. రాజుగారు లేచి, గంభీరమైన గ్రాంథికంలో ఒక వరమిచ్చే వచనం చెప్పాలి. రెండువారాలుగా కారులో, లిఫ్టులో ఆయన దాన్ని వల్లె వేస్తూనే ఉన్నారు. లేచారు. కిరీటం కళ్ళ మీదికి జారింది. ఎత్తి పెట్టుకున్నారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు.

నేను మొదటి మాట అందించాను. వినిపించలేదు. ఇంకా గట్టిగా అందించాను. ముందు వరుసకు వినిపించింది గాని ఆయనకు వినిపించలేదు. ఆ అమ్మాయి నెత్తిన కుండతో ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన చెమట తుడుచుకుని, ఒక్కసారి ఊపిరి పీల్చుకుని అన్నారు:

“ఏం గావల్లమ్మా నీకు? కుండ దించి చెప్పు. బరువుంటాది.”

అది మా కాగితంలో లేదు. ఆ గొంతు మేమెవరం అంతకుముందు విననే లేదు. ఇస్త్రీ అంతా పోయి, ఎర్రమట్టి నేలలో నడిచివచ్చిన మాట.

అమ్మాయి తడబడకుండా కుండ దించి అడిగింది. “మహారాజా, మీ గేటు కాడున్నాయనకు మా మాట నేర్పియ్యుండ్రి. రోజు ఆయనతోని లొల్లి పెట్టుకోలేను.”

రాజు కింద పడుకున్న కటికవాడి వైపు తిరిగారు. “లెయ్‌రా నువ్వు! ఊరికే కట్టె పట్టుకోని అడ్డం పండుకుంటే ఎట్ల? ఆయమ్మ చెప్పేది విను. రేపట్నుంచి నేర్సుకో.” కిరీటం మళ్ళీ పైకి తోసుకున్నారు. “నేనూ నేర్సుకుంటా, పద.”

హాలు కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. మంగళం పాట ఎవరికీ వినిపించలేదు. అది పాడాల్సిన అమ్మాయిలు పాడామని ఇప్పటికీ ప్రమాణం చేస్తారు.

ఆ తరువాత మా విభాగం ఇంకొన్నేళ్ళు బాగానే నడిచింది. సైట్ హెడ్డు గారు మీటింగుల్లో అప్పుడప్పుడూ ‘ఎట్లనో చేద్దాం లే’ అనడం మొదలుపెట్టారు, అన్నాక నాలుక కరుచుకోవడం కూడా మానేశారు. నేను చెప్పేదల్లా ఇంతే: పాత నాటకం చదివేటప్పుడు రాజెవరు, కవెవరు, ఏ కాలం అని తెలుసుకోండి, మంచిదే. దానితో పాటు గుమ్మం లోపలివాళ్ళు ఏ భాష, బయటివాళ్ళు ఏ భాష, నవ్వేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని కూడా అడగండి. పుస్తకం అడుగున ‘హాస్యం కోసం’ అని రాసి ఉంటే అక్కడే ఆగిపోకండి.

ఆ రోజు భోజనాల దగ్గర ఆకుపచ్చ చీరావిడ కూతురి చెయ్యి పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. అమలాపురం ఆయన అప్పటికే వేషం విప్పేసి ప్లేటులో పప్పు వేసుకుంటున్నాడు.

“నీకు నిజంగనే తొవ్వ అంటె తెల్వదా బిడ్డా?” అని అతన్ని అడిగింది.

“ఇప్పుడు తెలుసండి, ఆయ్,” అన్నాడతను.

ఆవిడ సైట్ హెడ్డు గారి వైపు తిరిగి, “రాజు మంచిగ చేసిండు. ఏ ఊరు సార్ మీది? మాట జర తేడ ఉన్నది,” అంది.

“అనంతపురం పక్కనమ్మా,” అన్నారాయన, ఇన్నేళ్ళలో మొదటిసారి ఏ మాత్రం తడుముకోకుండా.

నలుగురూ నవ్వుకున్నారు. నేనూ వాళ్ళతో కలిసి, పెద్దమనిషి తరహాలో నవ్వుతూ నిలబడ్డాను. వీళ్ళ యాసలన్నీ ఎంత ముచ్చటగా ఉన్నాయో అనుకుంటూ ఆవిడతో నాలుగు మంచి మాటలు చెప్పాను. మీ అమ్మాయి చాలా చక్కగా నటించిందండి, ఉచ్చారణ స్పష్టంగా ఉందండి అన్నాను. జీవితమంతా తెలుగు పాఠం చెప్పినదాన్ని, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడతానని పేరున్నదాన్ని.

ఆవిడ శ్రద్ధగా విని, తల కాస్త పక్కకు వంచి, ఎంతో ప్రేమగా అడిగింది.

“మరి మీదే ఊరు మేడమ్? మీ మాట గూడ జర తేడనే ఉన్నది.”

“తెనాలి దగ్గరండి,” అన్నాను.